తిరుపతిలో స్థిరపడాలా, చిత్తూరులోనా? గాలి సంగతి తెలిసినవారు చెప్పండి

పుత్తూరు_వాసి (గురుగ్రామ్)

నమస్కారం. మాది పుత్తూరు. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా గురుగ్రామ్‌లో ఉంటున్నాం. నాన్నగారికి సీఓపీడీ (ఊపిరి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉంది. మా అమ్మాయి మూడో తరగతి. దీపావళి వెళ్లిన దగ్గర నుంచి సంక్రాంతి దాకా దానికి నెబ్యులైజర్ లేకుండా నిద్ర పట్టదు. నవంబరు వచ్చిందంటే బడి మూసేసి ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెడతారు. కిటికీ తీయమని అది ఏడుస్తుంది, మేము తీయలేము. ఇక చాలు అనుకున్నాం. ఇంటి నుంచే పని చేసుకోవడానికి మా కంపెనీ ఒప్పుకుంది.

వెనక్కి రావడం ఖాయం. ఏ ఊరన్నదే తేలడం లేదు. తిరుపతిలో అవిలాల వైపు ఒక ఫ్లాట్ చూశాం. చిత్తూరులో కట్టమంచి దగ్గర మా అత్తగారివాళ్ల ఇల్లు ఖాళీగా ఉంది. మా ఆవిడకు బెంగళూరులో ఉద్యోగం దొరికే వీలుంది కాబట్టి అది మూడో దారి. ఫోనులో చూస్తే ఒక్కో యాప్ ఒక్కో అంకె చెబుతోంది. ఒకదాంట్లో తిరుపతి ఆకుపచ్చగా, ఇంకోదాంట్లో నారింజ రంగులో కనిపిస్తోంది. అక్కడ ఉంటున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెబుతారని అడుగుతున్నాను.

చిత్తూరు_మామిడి (చిత్తూరు)

సొంత మనుషుల ఇల్లు ఖాళీగా ఉండగా వేరే ఊరు ఎందుకండీ? చిత్తూరుకే రండి. ఊరు చిన్నది. యాత్రికుల బస్సులు, టాక్సీల రద్దీ లేదు. నాన్నగారికి అవసరమైతే గంటలో వేలూరు సీఎంసీ ఆసుపత్రికి చేరుకోవచ్చు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఆ ధైర్యం చాలా పెద్దది.

నల్లబల్ల (తిరుపతి)

చిత్తూరు మామిడి గారూ, ఊరి మీద అభిమానం ఉండవలసిందే. కానీ జబ్బు మనిషిని పిలిచేటప్పుడు అన్నీ చెప్పాలి. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. గాలి ప్రమాణాలు వరుసగా ఐదేళ్లు దాటిన నగరాలను అందులో చేర్చారు. మన రాష్ట్రం నుంచి 13 ఉన్నాయి. విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నెల్లూరులతో పాటు చిత్తూరు కూడా ఉంది. తిరుపతి లేదు.

చిత్తూరు_మామిడి (చిత్తూరు)

జాబితా సంగతి తెలుసు, దాచాలనుకోలేదు. మా ఊరి సమస్య దుమ్ము. గ్రానైట్ లారీలు, తవ్విన రోడ్లు, ఊరి దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే పనులు. ఇంటి ముందు ఉదయం తుడిచిన బండి సీటు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. కానీ రోడ్డు దుమ్ము వేరు, ఢిల్లీ పొగ వేరు. రెండింటినీ ఒక గాటన కట్టడం న్యాయం కాదు.

అంకెల_లెక్క (రేణిగుంట)

మీ ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ముందు జాబితా గురించి. ఆ కార్యక్రమం కింద నగరాల పనితీరును ముఖ్యంగా పీఎం10తో లెక్కగడుతున్నారు. అంటే 10 మైక్రోమీటర్లు, అంతకన్నా చిన్న కణాలు. రోడ్డు దుమ్ము, క్వారీ పొడి ఎక్కువగా ఈ లెక్కలోకే వస్తాయి. పొగలో ఉండే పీఎం2.5 ఇంకా సన్నం, ఊపిరితిత్తుల అడుగు దాకా వెళుతుంది. కాబట్టి జాబితాలో పేరుంటే ఢిల్లీలాంటి ఊరని కాదు. పేరు లేకపోతే గాలి శుభ్రమనీ కాదు.

ఇక పుత్తూరు వాసి గారి యాప్‌ల గొడవ. మన దేశ గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) 2015లో వచ్చింది. దాని ప్రకారం 24 గంటల పీఎం2.5 సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉంటే అంకె 100 వస్తుంది, పేరు 'సంతృప్తికరం'. అదే 60 మైక్రోగ్రాములకు అమెరికా సూచీలో అంకె 150 దాటుతుంది, పేరు 'అనారోగ్యకరం'. గాలి ఒక్కటే, కొలిచిన బరువూ ఒక్కటే. కొన్ని యాప్‌లు మన సూచీ వాడతాయి, కొన్ని అమెరికా సూచీ వాడతాయి. రంగు మారేది అందుకే.

దీనివల్ల ఎంత తప్పుదారి పట్టవచ్చో చూడండి. ఒక ఊరికి మన సూచీలో 180, ఇంకో ఊరికి అమెరికా సూచీలో 140 కనిపించాయనుకోండి. రెండూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి, ఊరు మారి లాభం లేదు అనిపిస్తుంది. బరువులోకి మారిస్తే మొదటిది సుమారు 84 మైక్రోగ్రాములు, రెండోది 51. మన సూచీలో ఆ రెండో ఊరి అంకె 85 దగ్గర ఉంటుంది. అందుకే ఊళ్లను పోల్చేటప్పుడు సూచీ అంకెను పక్కన పెట్టి, పీఎం2.5 ఎన్ని మైక్రోగ్రాములు అన్నదే చూడాలి.

ఇప్పుడు తిరుపతి వాళ్లే చాలామంది గమనించని విషయం. తిరుపతి పేరు మీద రెండు కొలత కేంద్రాలు ఉన్నాయి. ఒకటి కింద వైకుంఠపురంలో, రెండోది తిరుమల కొండ మీద. కొండ పైన చుట్టూ శేషాచలం అడవి, సముద్రమట్టానికి 850 మీటర్ల పైచిలుకు ఎత్తు. నగరం మొత్తానికి ఒకే అంకె ఇచ్చేటప్పుడు ఆ నగరం పేరున ఉన్న కేంద్రాల సగటు తీస్తారు. అంటే మీరు చూసే 'తిరుపతి' అంకెలో కొండ మీది గాలి కూడా కలిసి ఉండవచ్చు. మీరు ఉండబోయేది అవిలాలలో. వైకుంఠపురం కేంద్రాన్ని విడిగా తెరిచి చూడండి. చిత్తూరులో గంగినేని చెరువు దగ్గర ఒకటి ఉంది, దాన్నీ అలాగే చూడండి.

పుత్తూరు_వాసి (గురుగ్రామ్)

చాలా స్పష్టంగా చెప్పారు. నేను ఇన్నాళ్లూ చూసిన తిరుపతి అంకెల్లో ఏది కొండదో ఏది కిందిదో తెలియదు. ఏ నెలలు చూడమంటారు? ఏడాది సగటు సరిపోతుందా?

అంకెల_లెక్క (రేణిగుంట)

ఏడాది సగటు మీకు సరిపోదు. మన రెండు ఊళ్లలోనూ అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. ఢిల్లీ ఊపిరాడక అల్లాడే నవంబరులో మన దగ్గర గాలి కడిగినట్టు ఉంటుంది. ఆ నెలలు కలిస్తే సగటు అందంగా కనిపిస్తుంది. మీ నాన్నగారికి కావలసింది గడ్డు నెలల లెక్క. వానలు ఆగాక డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా చూడండి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో గంట గంటకూ కొలతలు దించుకోవచ్చు. పీఎం2.5 అరవై దాటిన రోజులు ఎన్నో లెక్కపెట్టండి, అదే మన దేశపు 24 గంటల హద్దు. పెద్దవాళ్లు నడకకు వెళ్లే ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య గంటలను విడిగా చూడండి. ఖాళీగా ఉన్న వరుసలను వదిలేయకండి. యంత్రం పని చేయని రోజులు ఒక ఊరికి ఎక్కువ, ఇంకో ఊరికి తక్కువ అయితే ఆ పోలికకు విలువ లేదు.

తిరుచానూరు_మాస్టారు (తిరుపతి)

అంకెలు చూడవలసిందే. అయితే తిరుపతి అంతా ఒకే గాలి కాదు బాబూ. బస్టాండు, లీలామహల్ కూడలి, రేణిగుంట రోడ్డు పక్కన ఒక గాలి. పేరూరు, విశ్వవిద్యాలయం వెనక వైపు ఒక గాలి. యాత్రికుల వాహనాలన్నీ అలిపిరి చేరాలి కాబట్టి ఆ దారుల పొడవునా తెల్లవారుజాము నుంచే పొగ. 2022లో ఘాట్ రోడ్డు మీద విద్యుత్ బస్సులు మొదలయ్యాక కొండ బస్సు వెనక వెళ్లేటప్పుడు ముక్కు మూసుకునే బాధ కొంత తప్పింది. కార్లు, జీపులు మాత్రం తగ్గలేదు.

నేను ఇల్లు చూసుకునేటప్పుడు ఎవరినీ ఏమీ అడగలేదు. మేడ ఎక్కి నీళ్ల తొట్టి మూత మీద చెయ్యి రాసి చూశాను. పెద్ద రోడ్డు పక్క ఇంట్లో చేతికి నల్లటి జిడ్డు అంటింది, సబ్బుకు కూడా సులువుగా పోలేదు. లోపలి వీధిలో ఇంట్లో ఎర్రమట్టి అంటింది, నీళ్లకే పోయింది. ఆ రెండో ఇల్లే తీసుకున్నాం.

అంకెల_లెక్క (రేణిగుంట)

మాస్టారు చేసిన పరీక్ష మంచిది. నల్ల జిడ్డు డీజిల్ మసికి గుర్తు. పెద్ద రోడ్డు నుంచి రెండు మూడు వందల మీటర్లు లోపలికి వెళితే వాహనాల పొగ బాగా పలచబడుతుంది. ఒకే ఊళ్లో రెండు వీధుల మధ్య ఉన్న తేడా ఒక్కోసారి రెండు ఊళ్ల మధ్య కూడా ఉండదు.

మడివాళ_మజిలీ (బెంగళూరు)

బెంగళూరు గురించి నా మాట. ఎత్తు మీద ఉన్న ఊరు, ఎప్పుడూ చల్లటి గాలి అని అందరూ అనుకుంటారు. నేను ఉండేది సిల్క్ బోర్డు కూడలికి దగ్గర. రాత్రి బాల్కనీలో ఆరేసిన తెల్ల చొక్కా ఉదయానికి కాలరు దగ్గర బూడిద రంగులో ఉంటుంది. ఢిల్లీతో పోలిస్తే ఇది నయమే, అందులో సందేహం లేదు. కానీ నాన్నగారు, పాప గాలి కోసమే ఊరు మారుతుంటే ఇంత దూరం వచ్చి మళ్లీ వాహనాల మధ్య ఎందుకు?

ఊపిరి (తిరుపతి)

నేను ఆసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగంలో పని చేస్తాను. 'సంతృప్తికరం' అన్న మాట చూసి మనసు కుదుటపడితే కష్టం. ఏడాది సగటుకు మన దేశ ప్రమాణం పీఎం2.5 నలభై మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది అయిదు. ఢిల్లీ సగటు వంద దగ్గర తిరుగుతూ ఉంటుంది. అక్కడి నుంచి ఇక్కడికి వస్తే పెద్ద మేలు జరుగుతుంది, కానీ సీఓపీడీ మనిషికి ఇక్కడా జాగ్రత్తలు తప్పవు.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి బయటి గాలి కన్నా ఇంట్లో గాలే ఎక్కువ చెరుపు చేస్తుంది. మూసిన గదిలో దోమల చుట్ట, పూజ గదిలో సాంబ్రాణి, అగరుబత్తి, కిటికీ లేని వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు. ఊరు మార్చి ఇవి మార్చకపోతే సగం పనే చేసినట్టు. దోమతెర కట్టండి. వంటింట్లో పొగ లాగే ఫ్యాను పెట్టించండి. దీపం చాలు, ధూపం మానేయమని పెద్దవాళ్లకు మెల్లగా నచ్చజెప్పండి.

పాప విషయం ఇంకొకటి. ఇక్కడ ఖాళీ స్థలాల నిండా వయ్యారిభామ మొక్క. దాని పుప్పొడి చాలామందికి పడదు, ఏ యాప్‌లోనూ అది కనిపించదు. ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు పక్కన ఖాళీ స్థలం ఉందా, అందులో తెల్లటి చిన్న పూల కలుపు ఉందా చూడండి. రాకముందే పాపను చూస్తున్న వైద్యుల దగ్గర నుంచి పాత పరీక్షల కాగితాలన్నీ తెచ్చుకోండి. నాన్నగారి స్పైరోమెట్రీ (ఊపిరి సామర్థ్యం కొలిచే పరీక్ష) నివేదిక కూడా.

నల్లబల్ల (తిరుపతి)

చిత్తూరు వైపు బెల్లం గానుగల పొగ గురించి ఎవరూ మాట్లాడలేదు. చలికాలంలో ఆ దారిలో వెళితే పొలాల మీద పొగ పరుచుకుని కనిపిస్తుంది.

గానుగ_దారి (తవణంపల్లె)

మేము తరతరాలుగా బెల్లం వండుతున్నాం, కాబట్టి నేనే చెబుతాను. పెనంలో చెరకు రసం కాగుతున్నంత సేపూ పొయ్యిలోకి పిప్పి తోస్తూనే ఉండాలి. పిప్పి బాగా ఎండితే మంట తేటగా వస్తుంది, పొగ గొట్టంలోంచి సన్నగా పోతుంది. పచ్చి పిప్పి వేస్తే పొగ నేల మీదికి దిగుతుంది, పొయ్యి దగ్గర కూర్చున్నవాడికే కళ్లు మండుతాయి. చలికాలం నుంచి ఎండలు ముదిరే దాకా మాకు పని. పక్కనే గానుగ ఉన్న ఇల్లు సీఓపీడీ ఉన్న పెద్దమనిషికి మంచిది కాదు, ఈ మాట నేను నా నోటితోనే చెబుతున్నాను.

కానీ చిత్తూరు పట్టణం లోపల గానుగలు లేవు. కట్టమంచి ఇంటికి వచ్చి సాయంత్రం చీకటిపడే వేళ మేడ మీద నిలబడండి. పొగ వాసన వస్తే ఎటు నుంచి వస్తోందో తెలిసిపోతుంది. మా బతుకు ఆ పొయ్యి మీదే. దాన్ని తప్పు పట్టవద్దని కాదు, మెరుగైన పొయ్యిలు కట్టుకునేందుకు సాయం అందితే ముందు బాగుపడేది మా ఊపిరితిత్తులే.

ఊపిరి (తిరుపతి)

గానుగ దారి గారూ, ఇంత సూటిగా చెప్పినందుకు నమస్కారం. పొయ్యి దగ్గర పని చేసేవాళ్లకు ఏడాదికి ఒకసారైనా ఊపిరితిత్తుల పరీక్ష చేయించండి. ఆయాసం వచ్చే దాకా ఆగవద్దు.

గాదంకి_పక్కన (పాకాల)

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, అక్కడి పెద్ద రాడారు గురించి మీరు వినే ఉంటారు. నేల మీది గాలి ఏ వేళకు ఎంత ఎత్తు దాకా కలుస్తుందన్నది అక్కడ పరిశీలించే విషయాల్లో ఒకటి. మీ ప్రశ్నకు అది చాలా అవసరం.

పగలు ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. పొగ, దుమ్ము కిలోమీటరుకు పైగా ఎత్తు దాకా కలిసిపోయి పలచబడతాయి. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. కింద చల్లటి గాలి, పైన వెచ్చటి గాలి ఉండేసరికి కలయిక ఆగిపోతుంది. పగటిపూట ఉన్నంత పొగే ఇప్పుడు కొన్ని వందల మీటర్ల లోపలే ఇరుక్కుంటుంది. తిరుపతికి ఉత్తరాన కొండ అడ్డం, గాలి కదలని రాత్రుల్లో చెత్త తగలబెట్టిన పొగ తెల్లవారే దాకా అక్కడే ఉంటుంది. అందుకే చలికాలంలో అయిదు గంటల నడక మంచిదన్న అలవాటు ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి పనికిరాదు. ఎండ ఎక్కాక, తొమ్మిది తర్వాత నడవమనండి.

కొండగాలి (మదనపల్లె)

మదనపల్లె ఎందుకు ఆలోచించలేదు? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం శానిటోరియం ఇక్కడే కట్టారు, పొడి గాలి మంచిదనే కదా. పక్కనే హార్స్‌లీ కొండలు.

ఊపిరి (తిరుపతి)

మదనపల్లె మంచి ఊరే. కానీ శానిటోరియం కట్టిన రోజుల్లో అక్కడ టమాటా మార్కెట్టుకు వచ్చే లారీలు లేవు. అప్పటి పేరును బట్టి ఇప్పటి గాలిని నిర్ణయించలేము. పైగా నాన్నగారికి రాత్రిపూట ఆయాసం ఎక్కువైతే పెద్ద ఆసుపత్రి ఎంత దూరమన్నది కూడా గాలి అంత ముఖ్యం. తిరుపతిలో స్విమ్స్, రుయా ఉన్నాయి. చిత్తూరుకు వేలూరు దగ్గర. ఈ ఒక్క లెక్కలో ఆ రెండు ఊళ్లూ ముందుంటాయి.

పుత్తూరు_వాసి (గురుగ్రామ్)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాత్రి మా ఆవిడ, నేను కూర్చుని మీ మాటలన్నీ చదివాం. బెంగళూరు వదులుకున్నాం. అవిలాల ఫ్లాట్ ఇప్పుడే కొనడం లేదు. ఈ చలికాలం తిరుపతిలో లోపలి వీధిలో ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటాం. ఒక చిన్న కొలత యంత్రం ఇక్కడ పెట్టుకుంటాం, అలాంటిదే ఇంకొకటి కట్టమంచి ఇంట్లో మా బావమరిది చేత పెట్టిస్తాం. రెండూ ఒకే వారాల్లో ఏం చెబుతాయో చూసి అప్పుడు తేల్చుకుంటాం. ఆ యంత్రాలను నమ్మవచ్చా?

అంకెల_లెక్క (రేణిగుంట)

తేడా తెలుసుకోవడానికి నమ్మవచ్చు, అసలు బరువు తెలుసుకోవడానికి అంతగా కాదు. అవి కాంతి చెదిరే తీరును బట్టి కణాలను లెక్కిస్తాయి. గాలిలో తేమ ఎక్కువైతే కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి, యంత్రం ఎక్కువ చూపిస్తుంది. మంచు పడే ఉదయాల్లో అంకె చూసి కంగారుపడవద్దు.

రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి కొనండి. చిత్తూరుకు పంపేముందు కొన్ని రోజులు పక్కపక్కనే పెట్టి రెండూ ఒకే మాట చెబుతున్నాయా చూడండి. తర్వాత రెండు ఇళ్లలోనూ ఒకే రకమైన చోట పెట్టాలి. నీడలో, తల ఎత్తున, వంటింటి కిటికీకి దూరంగా. మేడ మీద ఒకటి, గుమ్మం దగ్గర ఒకటి అయితే ఊళ్లను పోల్చినట్టు కాదు. భోగి రోజు కొలతను లెక్కలోంచి తీసేయండి. మంటల్లో పాత టైర్లు వేసే వీధి ఏ ఊళ్లోనైనా ఉంటుంది.

చిత్తూరు_మామిడి (చిత్తూరు)

ఇది సరైన పద్ధతి. కట్టమంచి యంత్రంలో ఏది వస్తే అదే ఇక్కడ పెట్టండి, మా ఊరికి వ్యతిరేకంగా వచ్చినా సరే. నగరపాలక సంస్థలో రోడ్ల మీద నీళ్లు చల్లించమని అడగడానికి మాకూ ఒక ఆధారం ఉంటుంది.

తిరుచానూరు_మాస్టారు (తిరుపతి)

అద్దె ఇంటి విషయం ఆలస్యం చేయకు బాబూ. డిసెంబరు 16 దగ్గర ధనుర్మాసం పడుతుంది, ఆ తర్వాత పాలు పొంగించడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. మంచి ఇళ్లన్నీ ఆ లోపే పోతాయి. నవంబరులో వానలు పడుతున్నప్పుడే వచ్చి చూసుకో. 2021 నవంబరులో ఈ ఊళ్లో ఎన్ని వీధులు మునిగాయో అందరికీ గుర్తుంది, నీళ్లు నిలిచే చోటు కూడా అప్పుడే తెలుస్తుంది. గోడకు చెమ్మ పట్టిన ఇంట్లో బూజు వస్తుంది, అది పాపకు పొగంత చేటు. పేరూరు వైపు మా స్నేహితుల ఇల్లు ఒకటి ఖాళీ అవుతోంది, పెద్ద రోడ్డుకు బాగా లోపల, కింది అంతస్తు కాబట్టి నాన్నగారికి మెట్లు ఎక్కే పని ఉండదు. వివరాలు విడిగా పంపుతాను.